తాళం వేసి చేసే మందు

కంది విత్తే రోజులు కదా, తాండూరులో విత్తనాల దుకాణాలు కిటకిటలాడుతున్నాయి. అలాంటి ఒక దుకాణంలో ఈ వారం నాకు ఒళ్లు మండింది. ఓ రైతు ట్రైకోడెర్మా అనే బూజు ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. దాని మీద పెద్దక్షరాల్లో 'రసాయనాలు లేవు' అని ఉంది. "గిండ్ల ఏం కెమికల్ లేదు సార్, అందుకే మంచిగ పనిచేస్తది" అని దుకాణదారు నాకూ ఓ ముక్క వినిపించాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పేచీ తెలిసిందే. నీళ్లూ రసాయనమే, చింతపండు పులుసూ రసాయనమే. ఇక ట్రైకోడెర్మా అంటారా, పొద్దస్తమానం దాని పనే రసాయనాలతో. వేపపిండి కలిపిన పశువుల ఎరువులో దాన్ని పట్టించి, తడిపి, నీడన మాగబెట్టి చేలో చల్లుతారు. అక్కడ కందికి ఎండు తెగులు తెచ్చే ఫ్యుసేరియం అనే బూజు ఎదురైతే, దాని కణం గోడను ఎంజైములతో కరిగిస్తుంది. పైగా పెప్టైబాల్స్ అనే యాంటీబయాటిక్‌లు వదులుతుంది. వాటిని మామూలు ప్రొటీన్ల మాదిరి రైబోజోముల మీద చేయదు. ఒకే ఒక్క మహాకాయ ఎంజైమ్ అమైనో ఆమ్లాలను వరసగా అందుకుంటూ గొలుసు అల్లేస్తుంది. 2002లో ట్రైకోడెర్మా వైరెన్స్‌లో బయటపడిన అలాంటి ఎంజైములో 18 విభాగాలున్నాయి, ఒక్కో ఆమ్లం చేర్చడానికి ఒక్కోటి. ఇంత చేసేదాన్ని పట్టుకుని రసాయనం లేదంటే ఎలా?

ఇదంతా దుకాణదారుకు అప్పజెప్పబోయాను. అంతలో కింది అరలో స్ట్రెప్టోసైక్లిన్ పొట్లాలు కనిపించాయి. ఆరు గ్రాముల చిన్న పొట్లం. తొంభై పాళ్లు స్ట్రెప్టోమైసిన్, పది పాళ్లు టెట్రాసైక్లిన్. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

స్ట్రెప్టోమైసిన్ పేరు వింటే నాకు వికారాబాద్ అనంతగిరి గుట్టలు గుర్తుకొస్తాయి. అక్కడి టీబీ ఆస్పత్రి నిజాం ఏలుబడి నాటిది. చెట్ల గాలికి ఊపిరితిత్తులు బాగుపడతాయని నమ్మిన రోజులవి. మా మేనమామ కొన్ని నెలలు అక్కడే ఉండి వచ్చాడు. వచ్చాక కూడా ఊళ్లో కాంపౌండర్ స్ట్రెప్టోమైసిన్ సూది పొడిచేవాడు. మామ కూర్చోవాలంటే పక్కకు వాలి కూర్చునేవాడు. ఆ మందు చెవికి చేటు చేస్తుంది. చివరిదాకా ఆయన చెవిలో హోరు పోలేదు. 'మీరు మెల్లగ మాట్లాడుతున్రు' అని మమ్మల్నే కసిరేవాడు. అయినా బతికాడు. అంతకు ముందు ఆ రోగం వచ్చిన ఇంట్లో బతుకు లెక్క వేరు.

ఆ మందును 1943లో అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ పట్టుకున్నాడు. నోబెల్ మాత్రం 1952లో ఆయన గురువు వాక్స్‌మన్ ఒక్కడికే వెళ్లింది. (ఈ సంగతి నేను తరచూ చెబుతానని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.) తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ గ్రైసియస్ అనే మట్టి బ్యాక్టీరియా. తొలకరి వాసన తెచ్చే బ్యాక్టీరియాల్లో ఇదొకటి.

దాని పనితనం చూడండి. ముడిసరుకు గ్లూకోజ్. పాతిక పైచిలుకు ఎంజైములు దాన్ని చేతులు మార్చుకుంటూ మూడు వేరువేరు ముక్కలుగా మలిచి, ఆ మూడింటినీ అతుకుతాయి. ఈ మందు బ్యాక్టీరియాల రైబోజోములను పట్టి ప్రొటీన్ల తయారీని పాడుచేస్తుంది. చేసేదీ బ్యాక్టీరియానే కదా, మరి దాని సొంత రైబోజోముల గతేమిటి? అందుకే ఒక ఎంజైమ్ ముందే ఫాస్ఫేట్ ముక్క ఒకటి తగిలిస్తుంది. అది తాళం. తాళం ఉన్నంతసేపూ మందు పనిచేయదు. కణం గోడ దాటి బయటికెళ్లాక ఇంకో ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. లోపల పుట్టిన విషం బయటే విషమవుతుంది.

పని మొదలుపెట్టడానికీ ఓ పద్ధతుంది. 1967లో సోవియట్ శాస్త్రవేత్త ఖోఖ్లోవ్ బృందం ఈ బ్యాక్టీరియా వదిలే ఏ-ఫ్యాక్టర్ అనే చిన్న అణువును వెలికితీసింది. బ్యాక్టీరియా తనవాళ్లు చుట్టూ తగినంత మంది చేరేదాకా ఆగుతుంది. ఏ-ఫ్యాక్టర్ లేశమంత పోగవగానే తయారీ మొదలు. ఆజ్ఞ ఇచ్చే జన్యువు పక్కనే తాళం జన్యువు ఉంది. రెండూ ఒకేసారి మేలుకుంటాయి.

"అన్నా, ఈ పొట్లం దేనికి కొడతరు?" అని ఆ రైతును అడిగాను.

"టమాటకు సార్. రోగం రాకముందే కొట్టాలె. వచ్చినంక కొడితే ఏం ఫాయిదా?"

మందు ఎక్కడ పుడితేనేం, అణువు అణువే అని నేను ఇన్నేళ్లుగా వాదిస్తున్నాను. ఇప్పుడూ అదే అంటాను. అయితే బ్యాక్టీరియా ఆ అణువును పిలుపొచ్చేదాకా చేయదు, చేసినా తాళం వేసి చేస్తుంది. మనం ట్యాంకుల్లో పండించి, తాళం తీసిన సరుకును పొట్లాలకెత్తి, రోగం రాకముందే చేనంతా చల్లుతున్నాం. ఆ ప్యాకెట్టు మీద రాసింది తప్పే. కానీ రాసినవాడి భయం ఉత్తది కాదు.

తాళం వేసే ఎంజైమ్ బయట కూడా దొరుకుతోంది మరి. మందు తయారుచేసే బ్యాక్టీరియాల ఆత్మరక్షణ జన్యువులే రోగాలు తెచ్చేవాటికి చేరి ఉండొచ్చని 1973లో బెన్వెనిస్ట్, డేవిస్ ఊహించారు. టీబీ క్రిమి తన రైబోజోమునే మార్చుకుని తప్పించుకుంటుంది, దాని దారి వేరు. అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కొట్టిన ఆపిల్ తోటల్లో మాత్రం ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముల జన్యువులున్న ఎర్వీనియా అనే తెగులు బ్యాక్టీరియా కనిపించింది. మందు తగలగానే తాళం వేసేస్తుంది.

ఇక పొట్లంలోని ఆ పది పాళ్లు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. లెడర్లీ అనే మందుల కంపెనీలో డగ్గర్ దాన్ని కనుగొన్నప్పుడు అక్కడి పరిశోధనలకు పెద్ద మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, ఆ ఏడాదే ఆయన పోయారు. ఈ జంట మందును పంటల మీద 2024 నుంచి పూర్తిగా ఆపాలంటూ కేంద్రం 2021 చివర్లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. టమాట రైతుకు ఆ సంగతి చెప్పాను. "మరి దాని బదులు ఏం కొట్టాలె సార్?" అన్నాడు. దుకాణదారు పై అర వైపు చూశాడు. అక్కడున్నది బూజుల మీద పనిచేసే ట్రైకోడెర్మా. టమాటకు పట్టేది బ్యాక్టీరియా మచ్చ తెగులు.