గోడ అవతల పదహారో శతాబ్దం

కాలయంత్రం అనగానే మనకు హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవల, సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' గుర్తుకొస్తాయి. రష్యన్లు మాత్రం 1973లో మాస్‌ఫిల్మ్ స్టూడియో నిర్మించిన ఒక హాస్య చిత్రం పేరు చెబుతారు. దాన్ని 'ఇవాన్ వసీల్యెవిచ్ వృత్తి మారుస్తాడు' అని తెలుగు చేయవచ్చు. దర్శకుడు లియొనీద్ గైదాయ్. సోవియట్ యూనియన్‌లో ఆరు కోట్లమందికి పైగా దీన్ని థియేటర్లలో చూశారు. నూతన సంవత్సరం సెలవుల్లో టీవీలో ఇప్పటికీ వేస్తుంటారు.

షూరిక్ అనే ఇంజనీరు మాస్కోలోని తన ఫ్లాటులో కాలయంత్రం తయారుచేస్తాడు. మీట నొక్కగానే గోడ మాయమై, అవతల 'భయంకర ఇవాన్' అని పేరుపడ్డ జారు చక్రవర్తి రాజమందిరం కనిపిస్తుంది. గందరగోళంలో జారు ఇటు వచ్చేస్తాడు. భవనం మేనేజరు బున్షా, ఒక దొంగ అటు వెళ్లిపోతారు. అంతలో యంత్రం పాడవుతుంది.

ఇందులో సైన్సు ఎంత? ఇది అశాస్త్రీయ కల్పన అని టైటిళ్లలోనే చెప్పేశారు! సూర్యుడు భూమిని వెంటబెట్టుకుని పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. నాలుగు వందల ఏళ్లలో ఆ ప్రయాణం దాదాపు 2.8 లక్షల కోట్ల కిలోమీటర్లు. అంటే నిన్నటి మాస్కో కోసం గోడ అవతల వెతికితే దొరకదు. గైదాయ్‌కి ఆ బెంగ లేదు. ఆయన యంత్రానికి వచ్చిన అసలు సమస్య ట్రాన్సిస్టర్లు దొరక్కపోవడం. దుకాణాలు తిరిగి తిరిగి, చివరికి షూరిక్ వాటిని కోటు లోపల సరుకు దాచుకున్న ఒక బ్లాకు వ్యాపారి దగ్గర కొంటాడు. ఆనాటి ప్రేక్షకులకు ఇది కల్పన కాదు.

అయితే ఈ సినిమాలో ఒక చక్కటి ప్రయోగం ఉంది. ప్రయోగశాలలో మనం ఒక్క అంశాన్ని మార్చి, మిగతావి స్థిరంగా ఉంచుతాం కదా. ఇక్కడ జారు, మేనేజరు ఇద్దరిదీ ఒకే ముఖం. రెండు పాత్రలూ యూరి యాకొవ్లెవే వేశాడు. పేర్లూ ఒకటే. రష్యన్లు సొంత పేరు తరువాత తండ్రి పేరు చేరుస్తారు. ఇద్దరూ వసీలీ కొడుకులే. మారింది చోటు ఒక్కటే. ఫలితం చూడండి. మొదట సింహాసనం మీద వణికిన బున్షా, విందులో నాలుగు గుక్కలు పడగానే నిజంగానే జారైపోతాడు. స్వీడన్ రాయబారి ఒక ప్రాంతం అడిగితే తీసుకోమంటాడు. ప్రభుత్వ భూమిని అలా పంచిపెడతావా అని అడ్డుపడేది దొంగ! ఇటు మాస్కోలో అసలు జారును బున్షా భార్య తన మొగుడనుకుని చీవాట్లు పెడుతుంది. చుట్టూ భయపడేవాళ్లు లేకపోతే భయంకర ఇవాన్ కూడా ఒక వింత మనిషే.

ఈ నవ్వుకు మూలం మిహయీల్ బుల్గాకోవ్ నాటకం. 1936 మేలో, ప్రదర్శనకు సర్వం సిద్ధమయ్యాక దాన్ని ఆపేశారు. స్టాలిన్ కాలంలో నిరంకుశ జారునీ, ఇళ్ల మేనేజరునీ ఒకే మనిషిగా చూపడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. బుల్గాకోవ్ 1940లో చనిపోయాడు. నాటకం అచ్చయింది 1965లో.

విందు సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడండి. చేపగుడ్లు గుట్టలుగా పోసి, సముద్రాలు దాటి వచ్చిందంటూ వంకాయ పచ్చడి మాత్రం పళ్లెంలో కాస్తంత వడ్డిస్తారు. సోవియట్ దుకాణాల్లో అది చవక డబ్బా సరుకు. ధర మారినది కాలంతోనే. వంకాయ పుట్టిల్లు మన ప్రాంతమేనంటారు గనుక ఆ హాస్యం మనకు ఇంకాస్త రుచిగా ఉంటుంది.

రాజమందిరంలో పరుగులు, తన్నులాటలు కొంచెం ఎక్కువయ్యాయి. చివరికి ఇదంతా షూరిక్ కల అని తేల్చడం కూడా నాకు నచ్చలేదు. బుల్గాకోవ్ ముళ్లను అది కాస్త మొద్దుబారుస్తుంది. కాకపోతే గైదాయ్ ఒక చిలిపి పని చేశాడు. కలంతా రంగుల్లో తీసి, మెలకువ ప్రపంచాన్ని నలుపు తెలుపుల్లో ఉంచాడు.