కలప గుర్తింపులో సూక్ష్మదర్శిని సాక్ష్యం: 1989 నాటి ఐఏడబ్ల్యూఏ లక్షణపట్టికపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కలప జాతి నిర్ణయానికి ప్రపంచమంతటా ప్రామాణికంగా వాడుతున్నది అంతర్జాతీయ దారుశరీరశాస్త్రజ్ఞుల సంఘం 1989లో ప్రచురించిన సూక్ష్మలక్షణాల పట్టిక. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కలప వ్యవహారం నేపథ్యంలో ఆ పట్టిక బలాన్ని, పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పట్టిక చెప్పగలిగిన దానికీ, దాని పేరిట చెబుతున్న దానికీ మధ్య ఉన్న అంతరం ఇందులోని ప్రధాన చర్చ.

కీలక పదాలు: దారుశరీరశాస్త్రం, టేకు, మద్ది, కిరణాలు, అక్షీయ మృదుకణజాలం, నిపుణుల సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలలో జనగామ మెట్టప్రాంతం. అక్కడ అడవి తక్కువ. మహబూబాబాద్‌లో గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాలు, భూపాలపల్లిలో మహాదేవపూర్, పలిమెల మండలాలు ఆకురాల్చే అడవికి నెలవులు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప ఈ అడవుల ప్రధాన వృక్షాలు. నిలిచి ఉన్న చెట్టును ఆకు, పువ్వు, బెరడు చూసి గుర్తించవచ్చు. కోసి, చెక్కి, బండికెత్తిన దూలానికి అవేవీ ఉండవు. అప్పుడు మిగిలేది చేవ లోపలి నిర్మాణం ఒక్కటే.

ఆ నిర్మాణాన్ని చదవడానికి చెక్కముక్కను మెత్తబరచి, మైక్రోటోముతో 15–20 మైక్రాన్ల మందాన అడ్డంగా, కిరణాల వెంట, కిరణాలకు అడ్డంగా మూడు ఛేదాలు తీసి, సాఫ్రనిన్‌తో రంగు వేసి పరిశీలిస్తారు. ఈ పరిశీలనకు ఉమ్మడి పరిభాషను ఇచ్చినది వీలర్, బాస్, గాసన్ సంపాదకత్వంలో వెలువడిన పట్టిక. 1981 నాటి తొలి ప్రయత్నాన్ని సవరించి, విస్తరించిన ఈ పట్టికలో 163 శరీరనిర్మాణ లక్షణాలు ఉన్నాయి. ప్రతి లక్షణానికి ఒక సంఖ్య, ఒక నిర్వచనం ఉన్నాయి. డెహ్రాడూన్‌లో చూసినా, బెంగళూరులో చూసినా ‘5’ అంటే విసరిత రంధ్రిత కలపే. వివరణలోని వ్యక్తిగత భేదాన్ని ఇంతగా తగ్గించిన కృషి ఈ రంగంలో అరుదు.

2. పేరు దగ్గర మొదలయ్యే చిక్కు

పట్టిక శీర్షికలోని ‘హార్డ్‌వుడ్’ అన్న మాటను తెలుగులో ‘గట్టి కలప’ అనడం వాడుక. ఇది అర్థాన్ని తప్పుదారి పట్టిస్తుంది. శాస్త్రంలో ఆ మాట కాఠిన్యాన్ని సూచించదు. ఆవృతబీజాల కలపను, అంటే నాళాలున్న కలపను సూచిస్తుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చాలా తేలిక, మెత్తన. అయినా శాస్త్ర వర్గీకరణలో అది హార్డ్‌వుడ్డే. ‘ఆవృతబీజ కలప’ అన్న పదం వాడితే విద్యార్థికి ఈ గందరగోళం ఉండదు.

వాణిజ్య నామాల సమస్య ఇంకా పెద్దది. ‘ఆఫ్రికన్ టేకు’ అన్న పేరుతో అమ్ముడయ్యే సరుకు ఘనా తోటల్లో పెరిగిన అసలు టేకు కావచ్చు, అఫ్రోర్మోసియా వంటి వేరే కుటుంబపు చెట్టూ కావచ్చు. ఇక్కడ పట్టిక తన సత్తా చూపుతుంది. అఫ్రోర్మోసియాలో కిరణాలు అంతస్తులుగా అమరి ఉంటాయి. టేకులో ఆ అమరిక లేదు. టేకులో వలయారంభంలో పెద్ద రంధ్రాల వరుస, దానిని అంటి మృదుకణజాలపు పట్టీ, అడ్డుగోడలున్న నారలు కనిపిస్తాయి. కొనుగోలుదారు మోసపోయాడా లేదా అన్నది ఒక్క ఛేదంతో తేలిపోతుంది.

3. పట్టిక ఆగిపోయే చోట్లు

మొదటిది, జాతుల మధ్య సామ్యం. నల్లమద్ది, తెల్లమద్ది అడవిలో నిలిచి ఉన్నప్పుడు ఎవరినీ తికమక పెట్టవు. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పగిలి నల్లగా ఉంటుంది; వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్ది బెరడు నున్నగా, పాలిపోయి ఉంటుంది. కోసిన చెక్కలో మాత్రం రెండింటికీ విసరిత రంధ్రాలు, నాళాల చుట్టూ రెక్కల్లా వ్యాపించే మృదుకణజాలం, చాలావరకు ఒకే వరుస కణాల కిరణాలు ఉంటాయి. ‘మద్ది’ అని చెప్పడం సులభం. ఏ మద్ది అని నిశ్చయంగా చెప్పడం కష్టం. జిట్రేగిదీ ఇదే స్థితి. దాని ప్రజాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలోకి వచ్చింది. సూక్ష్మదర్శిని ప్రజాతిని చూపుతుంది, జాతిని అన్నిసార్లూ చూపదు.

రెండవది, కొలతలు. నాళాల సగటు వ్యాసాన్ని, చదరపు మిల్లీమీటరులో నాళాల సంఖ్యను పట్టిక తరగతులుగా విభజించింది. ఈ విలువలు చెట్టు వయసును బట్టి, కొమ్మా మొదలా అన్నదాన్ని బట్టి మారతాయి. దవ్వ దగ్గరి లేత కలపలో నాళాలు సన్నగా ఉంటాయి. అరచేతిలో ఇమిడే ముక్క మొత్తం చెట్టుకు ప్రతినిధి కాదు. చిన్న ముక్కలో ఒక లక్షణం కనబడకపోవడం, ఆ జాతికి ఆ లక్షణం లేకపోవడం ఒకటి కావు.

మూడవది, పుట్టుచోటు. మహాదేవపూర్‌కు ఎదురుగా గోదావరి ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ ఉంది. రెండు ఒడ్డులా పెరిగేది ఒకే జాతి టేకు. రిజర్వు అడవి టేకుకూ, రైతు గట్టు మీది టేకుకూ కణనిర్మాణంలో జాతిభేదం లేదు. వలయాల వెడల్పు పెరుగుదల వేగాన్ని సూచించగలదు గాని సర్వే నంబరును చెప్పలేదు. పట్టికలోని ప్రాంత విభాగాలు ఉపఖండాల స్థాయివి.

4. సాక్ష్యంగా వాడుక

1967 నాటి అటవీ చట్టం కింద కలపతో పాటు దానిని మోసిన వాహనమూ జప్తు కావచ్చు. కనుక ప్రయోగశాల నివేదికలోని ఒక్క వాక్యంపై ఒక కుటుంబపు బతుకుతెరువు ఆధారపడవచ్చు. నిపుణుల అభిప్రాయానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ చోటిచ్చింది. అయితే నిపుణుడిని అడగవలసిన ప్రశ్నలు రెండు: ఇది టేకేనా? ఇది ఏ నేల టేకు? మొదటిదానికి సూక్ష్మదర్శిని బలమైన సమాధానం ఇస్తుంది. రెండవదానికి డీఎన్ఏ పోలిక, ఐసోటోపు విశ్లేషణ, అనుమతిపత్రాల పరిశీలన అవసరం. మొదటి జవాబుకున్న శాస్త్రగౌరవాన్ని రెండవ ప్రశ్నకు అరువివ్వడం పద్ధతి దోషం. ఇది పట్టిక చేసిన తప్పు కాదు. లక్షణాలను వర్ణించడానికి పుట్టిన సాధనాన్ని తీర్పు చెప్పే సాధనంగా వాడడంలోని తప్పు.

వడ్రంగి జ్ఞానాన్ని ఈ సందర్భంలో తోసిపుచ్చనవసరం లేదు. చేవ రంగు, వాసన, బరువు చూసి అతడు చెప్పే మాట తొలి ఊహగా విలువైనది. పట్టిక కూడా రంగు, వాసన, నీటిలో నానినప్పటి ప్రతిదీప్తి, పుల్ల కాలే తీరు వంటివాటికి చోటిచ్చింది. ఏగిస చెక్కను నీటిలో నానబెడితే వెలువడే నీలిమెరుపు ఇలాంటి ఆధారమే. ఊహను పరీక్షించే పని ఛేదానిది.

5. ముగింపు

ఈ పట్టిక గొప్పతనం దాని నిగ్రహంలో ఉంది: కనిపించినదానికి సంఖ్య ఇచ్చింది, కనిపించనిదాన్ని ఊహించలేదు. దానిని వాడేవారూ అదే నిగ్రహం పాటించాలి. నివేదికలో నిర్ణయం ఏ స్థాయిలో ఆగిందో, అంటే కుటుంబమా, ప్రజాతా, జాతా అన్నది స్పష్టంగా రాయాలి. ఏ లక్షణాలు చూశారో, ఏవి ఆ ముక్కలో చూడడం సాధ్యపడలేదో విడివిడిగా పేర్కొనాలి. 163 లక్షణాలకు స్థిరమైన తెలుగు పదాలు, గోదావరి పరీవాహక అడవుల నుంచి బెరడుతో, ఆకుతో, సేకరించిన చోటి వివరంతో కూడిన నమూనాల సంపుటి, ఈ రెండూ విశ్వవిద్యాలయ పరిశోధనకు తక్షణ కర్తవ్యాలు. పోల్చి చూడడానికి నమ్మదగిన నమూనా లేనప్పుడు ఎంత మంచి సూక్ష్మదర్శిని అయినా పేరు లేని బొమ్మనే చూపుతుంది.