ఆళ్వారుస్వామి బాటలో రంగాచార్య: ‘ప్రజల మనిషి’ నుంచి ‘చిల్లర దేవుళ్ళు’ వరకు

ఉపోద్ఘాతం

తెలుగు నవల పుట్టుకలోనే మరొక రచయిత పట్ల అభిమానం ఉంది. గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను కందుకూరి వీరేశలింగం తొలుత తెనిగించబోయి, ఆ యత్నాన్ని విరమించి, 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను స్వతంత్రంగా రచించిన విషయం సుప్రసిద్ధం. మెచ్చిన గ్రంథాన్ని అనుసరించడానికీ, దానికి దీటైన గ్రంథాన్ని రచించడానికీ మధ్య ఉన్న దూరం అక్కడే స్పష్టమయింది. తెలంగాణ నవలలో అటువంటి సంబంధం వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961), దాశరథి రంగాచార్య (1928-2015) రచనల మధ్య కనిపిస్తుంది. ఆళ్వారుస్వామి తలపెట్టిన నవలా పరంపరను రంగాచార్య పూర్తిచేశారన్నది సాహిత్య చరిత్రలో స్థిరపడిన అభిప్రాయం. ‘పూర్తిచేయడం’ అన్న మాట ఈ సంబంధాన్ని ఎంతవరకు వివరించగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

ఆళ్వారుస్వామి వంటమనిషిగా, హోటలు సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా పనిచేస్తూ ఎదిగినవారు. దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకాన్ని ఉద్యమ సాధనంగా మలచినవారు. తెలంగాణ ప్రజాజీవితాన్ని దశలవారీగా నవలల్లో చిత్రించాలన్నది ఆయన సంకల్పం. అందులో తొలి నవల ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడింది. రెండవదైన ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలి, ఆయన మరణానంతరం ప్రచురితమయింది. మొదటిది 1930ల ఉత్తరార్ధాన్ని, రెండవది 1940-45 మధ్య కాలాన్ని ప్రధానంగా చిత్రిస్తాయి.

దాశరథి కుటుంబానికి ఆళ్వారుస్వామితో గల అనుబంధం గాఢమైనది. రంగాచార్య అన్నగారైన కృష్ణమాచార్య నిజామాబాదు జైలులో ఆయనతో కలిసి నిర్బంధాన్ని అనుభవించారు. ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి అనంతరం రంగాచార్య ఆ నవలా బాధ్యతను స్వీకరించి ‘చిల్లర దేవుళ్ళు’ (1969), ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలను రచించారు. సాయుధ పోరాటానికి పూర్వం, పోరాట కాలం, తదనంతర కాలం ఈ మూడింటిలో వరుసగా చిత్రితమయ్యాయి.

పూర్తిచేయడమా, మళ్ళీ మొదలుపెట్టడమా?

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటి ఉంది. ఆగిన పరంపరను కొనసాగించడమే లక్ష్యమైతే, ‘గంగు’ ఆగిన 1945 ప్రాంతం నుంచి తొలి నవల ప్రారంభం కావాలి. కాని ‘చిల్లర దేవుళ్ళు’ 1938కి పూర్వపు పల్లెకు వెళ్తుంది. అంటే రంగాచార్య తన పూర్వరచయిత విడిచిన చోట గాక, ఆయన అప్పటికే దున్నిన నేలమీదనే అడుగుపెట్టారు. దొర, గడీ, వెట్టి, పటేలు పట్వారీల పెత్తనం, అప్పులకు చేజారిన భూములు రెండు నవలలకూ ఉమ్మడి సామగ్రి. ఒక రచన సాధించినదాన్ని తన చేతితో తిరిగి సాధించి చూడాలనే కోరిక లేకుంటే ఈ పునరారంభానికి అవసరం లేదు. రంగాచార్య అభిమానానికి బలమైన అంతర్గత సాక్ష్యం ఈ కాలనిర్ణయమే.

దృష్టికోణంలో భేదం

సామగ్రి ఒకటే అయినా చూపు ఒకటి కాదు. ‘ప్రజల మనిషి’లో కంఠీరవం దిమ్మెగూడెం బిడ్డ. దొర రామభూపాలరావు పెత్తనాన్ని అనుభవించి, ప్రతిఘటించి, ప్రజాకార్యకర్తగా ఎదిగినవాడు. గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ కార్యకలాపాలు, మతమార్పిడుల చుట్టూ సాగిన సంఘర్షణ అతని ఎదుగుదలలో భాగాలు. ఊరు తనను తాను గుర్తించుకొనే క్రమం ఆ నవలకు కథావస్తువు.

‘చిల్లర దేవుళ్ళు’లో సారంగపాణి విజయవాడ వైపు నుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతజ్ఞుడు. అతనికి గడీ కొత్త, వెట్టి కొత్త, దొర ముందు మనిషి వంగే తీరు కొత్త. ఆళ్వారుస్వామికి ఇటువంటి సాక్షి అవసరం కాలేదు. 1955 నాటి తెలంగాణ పాఠకునికి ఆ జీవితం ఇంకా నిన్నటి అనుభవం. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత, 1969 నాటికి, గడీని చూడని తరం, చూడని ప్రాంతం కూడా పాఠకలోకంలో చేరాయి. ఆ పాఠకుని చేయిపట్టి లోపలికి తీసుకువెళ్ళడానికి బయటివాడి కన్ను ఉపకరించింది.

ఈ కన్ను వల్ల నవల గడీ అంతర్భాగంలోకి ప్రవేశించింది. ఆళ్వారుస్వామి దోపిడీని ప్రధానంగా భూమి, అప్పు, కాగితం, మతం అనే మార్గాలలో చూపారు. రంగాచార్య ఆడబాప వనజ ద్వారా ఆ దోపిడీ స్త్రీ శరీరం వరకు ఎలా వ్యాపించిందో చూపారు. దొర కుమార్తె మంజరి పాత్ర పక్కన వనజను నిలపడం వల్ల ఒకే కప్పు కింది రెండు జీవితాల అంతరం వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. ఇది ‘ప్రజల మనిషి’ అందించని లాభం.

నష్టం కూడా లేకపోలేదు. అన్యాయాన్ని అన్యాయంగా గుర్తించే చైతన్యం ప్రధానంగా బయటినుంచి వచ్చినవాడికి దక్కినప్పుడు, ఊరివారు బాధితులుగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. దిమ్మెగూడెం ప్రజలు తమలోనుంచి నాయకుణ్ణి కన్నారు. కళావిషయంలో ‘చిల్లర దేవుళ్ళు’ పైచేయి సాధించినా, ప్రజలను చరిత్రకు కర్తలుగా నిలపడంలో ‘ప్రజల మనిషి’ ముందున్నది. ‘మోదుగుపూలు’లో పోరాటం కేంద్రానికి రావడాన్ని ఈ లోటుకు రంగాచార్యే చెప్పుకొన్న సమాధానంగా గ్రహించవచ్చు.

భాష

రంగాచార్య సాధించిన మరొక ముందడుగు సంభాషణల్లోని తెలంగాణ మాండలికం. ఆళ్వారుస్వామి దానిని ఇంత విస్తారంగా వాడలేదు. సామాన్య పాఠకుని చేత పుస్తకం పట్టించాలన్న గ్రంథమాల నిర్వాహకునికి సుబోధకత మొదటి నియమం. రంగాచార్య కథనాన్ని శిష్టవ్యావహారికంలో నడిపి, పాత్రలకు వారి నోటిమాటనే ఇచ్చారు. అమీను, గిర్దావరు వంటి అధికార పదాలూ, దొర ముందు పలికే ‘బాంచెన్’ కూడా ఆ సంభాషణల్లో అలంకారాలు కావు. ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలిపే గుర్తులు. సైదాబాద్, చంచల్‌గూడ వంటి హైదరాబాదు పేటల్లో నేటికీ వినిపించే ఉర్దూ కలిసిన తెలుగుకు వెనుక ఇదే పాలనాచరిత్ర ఉంది. దానిని నగర యాసగా మాత్రమే చూసే పాఠకునికి ఈ నవల ఆ మాటల మూలాన్ని పల్లె కచేరీలో చూపుతుంది.

ముగింపు

రంగాచార్యను ‘పూరకుడు’గా చెప్పడంలో ఇద్దరికీ అన్యాయం జరుగుతున్నది. ఆయన స్వతంత్ర శిల్పం మరుగున పడుతున్నది. ‘ప్రజల మనిషి’ ఒక తొలి చిత్తుప్రతిగా, తరువాతి నవలకు పీఠికగా కుదించుకుపోతున్నది. పాఠ్యప్రణాళికల్లో, సిద్ధాంత గ్రంథాల్లో ఈ నవలలను కాలక్రమ పట్టికలో వరుసగా పేర్చడంతో సరిపెట్టక, ఒకే కాలాన్ని గూర్చిన రెండు భిన్న సమాధానాలుగా పక్కపక్కన చదవవలసి ఉంది. ఆళ్వారుస్వామి సంకల్పాన్ని రంగాచార్య తలకెత్తుకొన్నారు; ఆయన పద్ధతిని మాత్రం అరువు తీసుకోలేదు. మెచ్చిన రచయిత బలం ఎక్కడుందో ఎరిగి, ఆ బలాన్ని అనుకరించకుండా తన బలాన్ని వేరొకచోట వెతుక్కోవడం వల్లనే ‘చిల్లర దేవుళ్ళు’ ‘ప్రజల మనిషి’కి దీటైన నవల కాగలిగింది.