ప్రశ్న కన్నా ముందే చేరే పాఠం: తెలుగు పరిశోధన - ఆర్ఎస్ఎస్ ఫీడు

1. ఉపోద్ఘాతం

అచ్చుపత్రికల కాలంలో పరిశోధకులు గ్రంథాలయంలో కొత్త సంచికలు పేర్చిన బల్లను చూసి తమ రంగంలో ఏం వస్తోందో తెలుసుకొనేవారు. 1998లో ‘ఈమాట’ మొదలైన నాటినుంచి తెలుగు సాహిత్య విమర్శ క్రమంగా అంతర్జాలంలోకి విస్తరించింది. ఆ బల్ల స్థానంలోకి శోధనయంత్రం, సామాజిక మాధ్యమం వచ్చాయి. ఈ రెండూ పరిశోధకుల అవసరాన్ని పూర్తిగా తీర్చలేవని, పాతబడిందనుకొనే ఆర్ఎస్ఎస్ ఫీడు ఆ లోటును కొంతవరకు పూడ్చగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఫీడు స్వరూపం

ఆర్ఎస్ఎస్ తొలి రూపాన్ని 1999లో నెట్‌స్కేప్ సంస్థ విడుదల చేసింది. 2002లో డేవ్ వైనర్ 2.0 రూపాన్ని వెలువరించారు. వెబ్‌సైటు తన కొత్త రచనల శీర్షిక, లంకె, తేదీ, సంగ్రహాలను ఒక ఫైలులో ఉంచుతుంది. ఫీడ్లీ, ఇనోరీడర్ వంటి ఫీడ్ రీడర్లు ఆ ఫైలును తరచుగా పరిశీలించి, కొత్తగా చేరినవాటిని పాఠకుల ముందుంచుతాయి. ఏ పత్రికలను అనుసరించాలో నిర్ణయించేది పాఠకులే. సాధారణంగా వరుసను నిర్ణయించేది తేదీ. సామాజిక మాధ్యమంలో ఈ రెండు నిర్ణయాలూ చాలావరకు పాఠకుల చేతిలో ఉండవు. అక్కడ స్పందనలు ఎక్కువ వచ్చినది పైకి వస్తుంది. ఛందస్సు మీద వచ్చిన సుదీర్ఘ వ్యాసానికి ఆ పోటీలో నిలిచే అవకాశం తక్కువ.

3. తెలుగులో శోధనకున్న చిక్కులు

శోధన ప్రశ్నతో మొదలవుతుంది. ఏమి అడగాలో ముందే తెలిసినవారికే అది ఉపకరిస్తుంది. తెలుగులో దీనికి భాషాపరమైన చిక్కులు తోడవుతాయి. ‘నవల’ అనే మాట నవలలు, నవలల్లో, నవలాకారులు అని రూపం మార్చుకుంటుంది. ‘కథ’ను ‘కత’ అని రాసేవారున్నారు. యూనికోడేతర ఖతులతో కూర్చిన పీడీఎఫ్‌లలోని పాఠం తెలుగు అక్షరాలతో చేసే వెతుకులాటకు చిక్కదు. ఫలితంగా, ఒకే అంశంమీద రెండు విశ్వవిద్యాలయాల్లో పని జరుగుతున్నా ఒకరి సంగతి మరొకరికి సిద్ధాంతవ్యాసం సమర్పించే దాకా తెలియకపోవచ్చు. ఫీడు ప్రశ్న పుట్టకముందే రచనను చేరవేస్తుంది. పరిశోధకులు తాము వెతకని అంశాన్ని కూడా చూడగలుగుతారు. కొత్త ప్రశ్నలు పుట్టేది తరచుగా అక్కడే.

4. పరిమితులు

ఫీడును భాండాగారంగా భావించకూడదు. వర్డ్‌ప్రెస్ వేదికలో సెట్టింగు మార్చకపోతే ఫీడులో చివరి 10 రచనలే కనిపిస్తాయి. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు పాఠకులు తమ చందాల జాబితాను బయటికి తెచ్చుకోగలిగారు. కాని ఆ సేవలో పేరుకొన్న పాత రచనల నిల్వ అలాగే చేతికి రాలేదు. కనుక జాబితాను ఓపీఎమ్ఎల్ ఫైలుగా, ముఖ్యమైన వ్యాసాలను విడిగా భద్రపరచుకోవడం అవసరం. ఫీడు గుణనిర్ణయం కూడా చేయదు. మంచి వ్యాసమూ, పేలవమైన వ్యాసమూ ఒకే వరుసలో వస్తాయి. ఆ వివేచన విమర్శకులదే.

మరొక లోపం ప్రచురణకర్తల వైపు ఉంది. సంచిక మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా ఉంచి, ‘కొత్త సంచిక వెలువడింది’ అన్న ఒక్క వాక్యాన్ని ఫీడులో చేరిస్తే ప్రయోజనం స్వల్పం. ఏ వ్యాసం ఎవరిదో, దేనిగురించో పాఠకులకు తెలియదు.

5. ముగింపు

పరిశోధన పత్రిక బాధ్యత వ్యాసాన్ని ప్రచురించడంతో ముగియదు. అది చేరవలసినవారికి చేరే మార్గాన్ని కూడా పత్రికే ఏర్పరచాలి. ప్రతి వ్యాసానికి విడిగా యూనికోడ్ శీర్షిక, రచయిత పేరు, సంగ్రహం ఉన్న ఫీడును ఇవ్వడానికి అయ్యే శ్రమ తక్కువ. అధ్యాపకులు పరిశోధన విద్యార్థులకు గ్రంథసూచి తయారీతో పాటు ఫీడు జాబితా నిర్మాణాన్ని కూడా నేర్పాలి. ఎవరు ఏ పత్రికలను క్రమంగా చదువుతున్నారన్నదే వారి పరిశోధన పరిధిని నిర్ణయిస్తుంది. ఆ ఎంపిక పరిశోధకుల చేతిలోనే ఉండాలి.