జిల్లా పేరు ఎక్కడ వెతకాలి?

వెబ్‌సైట్ కట్టడమంటే అది పనిచేసేలా చూడటం. డిజైన్ చేయడమంటే దాని దగ్గరికి వచ్చిన మనిషి పని అయ్యేలా చూడటం. ఈ తేడా తెలియడానికి ఆన్‌లైన్ దరఖాస్తులో 'జిల్లా' అన్న ఒక్క గడి చాలు.

పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. నగరం ఒకటే, కార్పొరేషన్ ఒకటే, జిల్లాలు మాత్రం రెండు. ఇప్పుడు తెలంగాణలోని 33 జిల్లాల పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చిన జాబితాను ఊహించుకోవచ్చు. భూపాలపల్లి మనిషి 'బి' దగ్గర వెతికితే భద్రాద్రి కొత్తగూడెం కనిపిస్తుంది, భూపాలపల్లి కనిపించదు. అది 'జె' కింద, జయశంకర్ పేరు వెనక ఉంది. హనుమకొండ వాసి చేతిలోని పాత కాగితం మీద 'వరంగల్ అర్బన్' అని ఉంటుంది, ఆ పేరు జాబితాలోనే లేదు. 'వరంగల్' ఎంచుకుంటే పక్క జిల్లాలో పడతాడు.

కట్టినవాళ్ల లెక్కలో ఇందులో తప్పేమీ లేదు. పేర్లన్నీ ఉన్నాయి, స్పెల్లింగు సరిగ్గా ఉంది, నొక్కితే డేటాబేస్‌లోకి వెళ్తోంది. డిజైనర్ లెక్క వేరు. ముందు పిన్ కోడ్ అడగవచ్చు. అది 506తో మొదలైతే ఆ చుట్టుపక్కల జిల్లాల పేర్లే చూపితే సరిపోతుంది. 'భూపాల' అని టైపు చేస్తే చాలు, పేరు దొరకాలి. హన్మకొండ, హనంకొండ, హనుమకొండ అని ఎలా రాసినా ఒకే చోటికి చేరాలి. పేరు పక్కన 'పాత వరంగల్ అర్బన్' అని చిన్న అక్షరాల్లో ఉంటే ఇంకా మేలు. ఇందులో ఎక్కడా రంగుల ప్రసక్తి రాలేదు.

మన దగ్గర మాత్రం డిజైన్ అంటే రంగులే. సైటు మొత్తం తయారయ్యాక, చివర్లో 'కాస్త లుక్ మార్చండి' అంటారు. వెబ్ చరిత్రలో రూపానికి వేరే చోటు ఉన్న మాట నిజమే. పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్. అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌ను హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా, 1996లో అది ప్రమాణంగా వచ్చింది. కానీ ఈ రెండూ పనిముట్లే. ఏది ముందు రావాలి, ఏది అసలు అక్కర్లేదు అన్న నిర్ణయం కోడ్ రాయకముందే, కాగితం మీద జరగాలి.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు కోసం ఒక పేజీ తయారవుతోందనుకుందాం. బస్తాలు ఆటోకి ఎత్తే ముందు అతనికి కావలసినవి రెండే: తన రకానికి ఇవాళ్టి ధర ఎంత, రేపు మార్కెట్ ఉందా లేదా. ఈ రెండూ తెర తెరవగానే కనిపించాలి. స్వాగత వాక్యాలు, కదిలే బొమ్మలు, పెద్దల ఫోటోలు ఎంత కిందికి పోతే అంత మంచిది. ఆ పేజీని అతను చూసేది ఆరుబయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో. లేత బూడిదరంగు అక్షరాలు అక్కడ కనపడవు. మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి.

తెలుగు పేజీ దగ్గరికి వచ్చేసరికి డిజైన్ అక్షరంతోనే మొదలవుతుంది. ఇంగ్లిషు కోసం కొలిచిన చట్రంలో తెలుగు పోస్తే ఏమవుతుందో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో చూడవచ్చు. పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు. వరుసల మధ్య ఇంగ్లిషుకు సరిపోయే ఎడం ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. లింకు కింద గీత గీస్తే అది ఒత్తుల మీదుగా పోతుంది. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో ఈ ఒక్క అక్షరం ఆరు సంకేతాల కూర్పు. శీర్షిక పొడవైందని ప్రోగ్రాం సంకేతాలు లెక్కపెట్టి కోస్తే 'స్త్రీ' కాస్తా 'స్త' అవుతుంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు గనుక శీర్షిక ప్రత్యేకంగా కనిపించాలంటే సైజూ మందమే దిక్కు. బటన్ల సంగతి మరీను. 'సబ్మిట్' కోసం కొలిచిన గడిలో 'సమర్పించండి' పట్టదు, అంచు దాటిపోతుంది. 'పంపండి' అంటే చక్కగా పడుతుంది, అందరికీ అర్థమవుతుంది కూడా. మాట ఎంచుకోవడమూ డిజైన్ పనే.

పనిచేస్తే చాలనుకోవడం ఒక కొస అయితే, కంటికి బాగుంటే చాలనుకోవడం మరో కొస. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. తెర మీద అందమైన తెలుగు కనిపించేది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ఫాంటు లేని కంప్యూటర్‌లో అదంతా పిచ్చిగీతలే, 'వరంగల్' అని వెతికితే ఏమీ దొరికేది కాదు. బమ్మెర కవి పేరు పెట్టుకున్న 'పోతన' వంటి యూనికోడ్ ఫాంట్లు వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. అయినా ఇప్పటికీ పత్రాన్ని ఫోటోగా మార్చి సైటులో పెట్టేస్తుంటారు. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫోటోలోని అక్షరాలు మామూలుగా అందవు. అక్షరాలుగా పెట్టి, అది తెలుగని కోడ్‌లో ఒక చిన్న మాట చేరిస్తే తెలుగు గొంతుతో చదవగలదు.

దుకాణానికో బడికో సైటు చేయించుకునేవాళ్లు ఆఖరి వాయిదా చెల్లించే ముందు ఒక పని చేసి చూడాలి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, ఫలానాది వెతికిపెట్టమని అడిగి, పక్కన నోరు మెదపకుండా కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిందో రాసుకుని, ఆ కాగితాన్ని సైటు చేసినవాళ్లకు ఇవ్వండి.