ప్లాను గీసే పనితనం

ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీని తలుచుకుంటారు, ఇంజనీరును తలుచుకుంటారు. ఆటోక్యాడ్‌లో ప్లాను గీసిన డ్రాఫ్ట్స్‌మన్ పేరు ఎవరికీ గుర్తుండదు. 1982లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ ఈనాటికీ అప్పుడప్పుడూ మొండికేస్తుంది. అతని పనితనం అప్పుడే చూడాలి.

గోడను నింపే గీతల నమూనా, అంటే హ్యాచ్, పడదు. కొత్తవాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతారు. అతను జూమ్ చేసి మూలలు వెతుకుతాడు. కలిసినట్టే కనిపించే రెండు గీతల మధ్య వెంట్రుకవాసి సందు! ఫిల్లెట్ కమాండ్‌కి రేడియస్ సున్నా ఇచ్చి కలిపేస్తాడు, హ్యాచ్ నిండుతుంది. ఇంకెక్కడి నుంచో తెచ్చిన 900 మిల్లీమీటర్ల తలుపు అంగుళాల్లో గీసిన మన ప్లానులో 900 అంగుళాలై, అంటే 75 అడుగులై కూర్చుంటుంది. యూనిట్ల తేడా అని చూడగానే పోల్చుకుని 25.4తో భాగిస్తాడు. ఎంత ముచ్చటేస్తుందో ఆ చూపుకి!

ఫైలు బరువెక్కితే పర్జ్‌తో వాడని బ్లాకులు, లేయర్లు తీసేస్తాడు. ఓవర్‌కిల్‌తో ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలను ఏరేస్తాడు. అసలు తెరుచుకోకపోతే ముందు రికవర్. అదీ పనిచేయకపోతే, పక్కనే ఉన్న బ్యాకప్ (బీఏకే) ఫైలుకి కాపీ తీసి, పేరు చివర డీడబ్ల్యూజీ అని మార్చి తెరుస్తాడు. కంగారులో ఏదీ చెరపడు. నా దృష్టిలో ఆ నిదానమే అతని అసలు విద్య.

గోడ ఒక్కటి జరిపితే తలుపులు, కొలతలు, విస్తీర్ణం అన్నీ అతను మళ్లీ సరిచూడాలి. “ఒక్క గీతే కదా” అని అతని దగ్గర బేరమాడకండి.