గుర్రానికి దొరికిన న్యాయం: ప్రభుత్వ బాధ్యత మీద కొన్ని తీర్పులు

ప్రభుత్వోద్యోగి చేసిన హానికి ప్రభుత్వం మీద దావా వేయొచ్చా? నూట అరవై ఏళ్లుగా మన కోర్టులు ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాయి. లాఠీ ఎవరి వీపు మీద పడుతుందో వాళ్ల వైపు నిలబడి ఆ జవాబుల్ని చదవాలన్నదే ఇక్కడ మా ప్రయత్నం.

మూలం 1861 నాటి కలకత్తా తీర్పులో ఉంది. కిడ్డర్‌పూర్ ప్రభుత్వ డాక్‌యార్డు కూలీలు మోస్తున్న ఇనుము కింద పడింది. ఆ చప్పుడుకు బెదిరి పి అండ్ ఓ ఓడల కంపెనీ గుర్రం గాయపడింది. కంపెనీ దావా వేసి గెలిచింది. అయితే ప్రధాన న్యాయమూర్తి పీకాక్ ఒక గీత గీశాడు: వ్యాపారిగా చేసే పనికి ప్రభుత్వం బాధ్యత వహిస్తుంది, ప్రభువుగా చేసే పనికి వహించదు. ఆ గీతే 1858, 1915, 1935 చట్టాల మీదుగా నడిచొచ్చి రాజ్యాంగం 300వ అధికరణంలో చేరింది. చట్టసభలు వేరే చట్టం చేసేదాకా పాత పద్ధతే అన్నారు. ఆ సమగ్ర చట్టం ఇప్పటికీ రాలేదు. లా కమిషన్ తన మొదటి నివేదికలోనే, 1956లో, చట్టం చేయమంది. 1965లో, 1967లో బిల్లులు పెట్టారు, మురగబెట్టారు. మనకు ఈ సూత్రం అంటగట్టిన ఇంగ్లండు మాత్రం 1947లోనే తన చట్టాన్ని మార్చుకుంది.

1962లో విద్యావతి కేసులో, మరమ్మతు చేయించుకొని వస్తున్న కలెక్టరు జీపు గుద్ది మనిషి చనిపోతే ప్రభుత్వానిదే బాధ్యత అన్నది సుప్రీంకోర్టు. రెండేళ్లకే కస్తూరిలాల్ కేసులో మాట మార్చింది. 1947లో మీరట్ పోలీసులు అమృత్‌సర్ వ్యాపారి దగ్గర బంగారం పట్టుకున్నారు. దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబులు పాకిస్తాన్ పారిపోయాడు. అరెస్టు, జప్తు సార్వభౌమాధికార పనులు కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదన్నారు.

ఈ గీత చూడ్డానికి కులం లేనిదే. కానీ మాలమాదిగ వాడలకు, గిరిజన గూడేలకు ప్రభుత్వం ఏ రూపంలో వస్తుంది? పోలీసుగా, ఫారెస్టు గార్డుగా, రెవెన్యూ ఉద్యోగిగా. వ్యాపారిగా వచ్చేది తక్కువ. అంటే, మనకు దెబ్బ ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడే బాధ్యత లేదని ఆ తీర్పు అన్నది. పీకాక్ గీతకు ఇవతల పడింది గుర్రం, అవతల పడ్డది మనం.

దావాలు వేసిందెవరో కూడా చూడాలి. ఓడల కంపెనీ, బంగారం వ్యాపారి. 1994లో జప్తయిన ఎరువులు పాడైపోతే ప్రభుత్వంపై గెలిచిన నాగేంద్రరావూ వ్యాపారే. నోటీసిచ్చి, రెండు నెలలు ఆగి, కోర్టు ఫీజు కట్టి, ఏళ్ల తరబడి తిరగ్గలిగే వాళ్లకే ఈ తలుపు తెరుచుకుంది.

లేనివాళ్లకు సుప్రీంకోర్టు రిట్ల దారి తెరిచిన మాట నిజం. నిర్దోషిగా తేలినా పద్నాలుగేళ్లు బీహారు జైల్లో మగ్గిన రుదుల్ షాకు 1983లో మొత్తం 35,000 రూపాయలు ఇప్పించింది. 1985లో, అసెంబ్లీకి పోకుండా కొద్దిరోజులు నిర్బంధించినందుకు ఎమ్మెల్యే భీమ్ సింగ్‌కు 50,000 ఇప్పించింది. పద్నాలుగేళ్లకు 35 వేలు, కొద్దిరోజులకు 50 వేలు! మొదటిది తాత్కాలికమేననీ, కావాలంటే దావా వేసుకోవచ్చనీ కోర్టే అన్నది. జైలు నుంచి అప్పుడే బయటపడ్డ పేదవాడు దావా వేయగలడా? 1993లో ఒడిశా తల్లి నీలబతి బెహరా రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకొని, పోలీసు కస్టడీలో కొడుకు చావుకు 1,50,000 ఇప్పించారు. ప్రాథమిక హక్కు భంగమైనచోట సార్వభౌమాధికారం సాకు చెల్లదన్నారు. కోయిలకుంట్ల సబ్‌జైలుపై 1977లో జరిగిన బాంబు దాడి కేసులో 2000లో అదే మాట చెప్పి, కస్తూరిలాల్ తీర్పుకు విలువ లేదన్నారు.

ఇది గెలుపే. అయితే కొలబద్ద లేని గెలుపు. ఎంత ఇవ్వాలో, ఎవరి జేబు నుంచి ఇవ్వాలో, ఎన్నాళ్లలో ఇవ్వాలో జడ్జి దయ. వాచాత్తిలో 1992లో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది గిరిజనులపై దాడిచేసి 18 మంది స్త్రీలపై అత్యాచారం జరిపారు. ఆ స్త్రీలకు పది లక్షల చొప్పున ఇవ్వాలనీ, అందులో సగం దోషుల నుంచి రాబట్టాలనీ మద్రాసు హైకోర్టు చెప్పింది 2023లో. మన వాకపల్లిలో, 2007లో గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023లో విశాఖ కోర్టు నిందితుల్ని వదిలేసి, దర్యాప్తు అధికారుల్ని తప్పుపట్టి, స్త్రీలకు పరిహారం ఇమ్మంది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం వచ్చింది. దీన్ని న్యాయం అనాలో, నోరు మూయించడం అనాలో?

శవాలకు వెల కట్టొద్దని మన కార్యకర్తలు కొందరంటారు. ఆ కోపం సబబే. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నియమాల ప్రకారం వచ్చే సహాయం అవసరమే. కానీ అందులో ప్రభుత్వం తన తప్పు ఒప్పుకోదు. ఎక్స్‌గ్రేషియా అసలే దయాధర్మం. దావా అలా కాదు. అందులో ప్రభుత్వం ప్రతివాది. అది బోనెక్కాలి, రికార్డులు చూపించాలి, ఎవరు కొట్టారో చెప్పాలి. శిక్షకు బదులుగా కాదు, శిక్షతో పాటే దీన్ని అడగాలి.

ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. కోర్టు ఫీజు కూడా అందులోదే. స్టేషన్‌లో దెబ్బలు తిన్న ప్రతి కేసులో ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఈ దారినీ పట్టాలి. 300వ అధికరణం ఎదురుచూస్తున్న చట్టం కోసం అడగాలి. గుర్రం విషయంలో వెంటనే అర్థమైన సంగతి మనిషి విషయంలో అర్థం కావడానికి ఇంకెన్నేళ్లు?